తోకను చూసి ఫైలును నమ్మొద్దు

నంద్యాలలో ముప్పై ఏళ్ళు పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేశాను. మిక్సింగ్ అంటే, కెమెరామెన్ ఇష్టమొచ్చినట్టు తీసుకొచ్చిన ఆరు గంటల వీడియోను కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి, పెళ్ళివారు కూర్చున్నచోటు నుంచి లేవకుండా చూసేట్టు చేయడం. నాకు తెలిసి ఎవరూ లేవకుండా చూడలేదు, అది వేరే సంగతి. కళ్ళు మొరాయించడంతో రెండేళ్ళ కిందట గది ఖాళీ చేసి, కంప్యూటర్లు వదిలించుకుని ఇంట్లో కూర్చున్నాను. నా పేరు బాషా. ఆళ్ళగడ్డ నుంచి బనగానపల్లె దాకా ఫొటో స్టూడియోల వాళ్ళకు నేను మిక్సింగ్ బాషాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నన్ను అడిగేవి రెండే. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, స్లో మోషన్ ఎక్కడ పెట్టాలి. అవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది వాటికంటే ముందుది. మీ చేతికొచ్చిన ఫైలు లోపల ఏముందో ముందు తెలుసుకోండి. నేను చేసిన తప్పుల్లో ముప్పాతిక భాగం అది తెలుసుకోకుండా చేసినవే. మిగిలిన పాతిక భాగంలో ఒక తప్పు ఉంది. దాని కథ చివర చెప్తాను.

రామసుబ్బయ్య నేర్పింది

నాకు పని నేర్పిన యజమాని రామసుబ్బయ్య. ఆయనకు కంప్యూటర్ గురించి తెలిసింది తక్కువ, పశువుల గురించి తెలిసింది ఎక్కువ. మౌసు పట్టుకుంటే బాణం గుర్తు తెర మూలకు పోయి తిరిగొచ్చేది కాదు. అయినా నా వెనక నిలబడి కేకలేయడానికి ఆయనకు అదేమీ అడ్డం కాలేదు.

ఒకరోజు ఎవరో సీడీలో పెళ్ళి వీడియో తెచ్చిచ్చారు. నేను దాన్ని నేరుగా మిక్సింగ్‌లో వేయబోయాను.

"ఏం ఇచ్చినారప్పా?" అన్నాడు రామసుబ్బయ్య.

"ఏవీఐ ఫైలు సార్."

"అది తోక. పండ్లు చూసినావా?"

నేను వెనక్కి తిరిగి ఆయన మొహం చూశాను.

"సంతలో ఎద్దును కొనేటోడు తోక పట్టుకొని బేరం చేస్తాడా? నోరు తెరిచి పండ్లు చూస్తాడు. ముందు దీని నోరు తెరిచి చూడు. తర్వాత ముట్టుకుందువు."

ఆ మాట ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, ముప్పై ఏళ్ళలో దాన్ని మించిన మాట నేను వినలేదు. ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉండే ఏవీఐ, ఎంపీ4 లాంటివి తోకలు. అవి పెట్టె పేర్లు మాత్రమే. పెట్టె లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించి దాచారో ఆ పద్ధతిని కోడెక్ అంటారు. ఆ పద్ధతి తెలిసిన కంప్యూటరే బొమ్మను మళ్ళీ విప్పి చూపిస్తుంది. తెలియనిది నల్ల తెర చూపించి ఊరుకుంటుంది. పెట్టె మీద బంగినపల్లి అని రాసి ఉన్నంత మాత్రాన లోపలివన్నీ ఆ మామిడిపండ్లే అని మన జిల్లాలో ఎవరూ నమ్మరు. పై వరస తీసి కింద చూస్తారు. ఫైలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ పెట్టె మీది రాతనే చదువుతారు.

ప్యాపిలి పెళ్ళికూతురు

రామసుబ్బయ్య చెప్పినంత మాత్రాన నాకు బుద్ధి రాలేదు. సొంత గది పెట్టుకున్న కొత్తలో ప్యాపిలి నుంచి ఒక పెళ్ళి వచ్చింది. కెమెరా పాతది, బొమ్మ దాదాపు చదరంగా ఉండే రకం. నేను వివరాలేవీ చూడకుండా మొత్తాన్ని కొత్త వెడల్పు టీవీలకు సరిపోయేట్టు సాగదీసి డీవీడీ చేసి ఇచ్చేశాను. తీరా నా దగ్గరున్న కాపీ వేసి చూసుకుంటే పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పురోహితుడు, చివరికి కొబ్బరిబోండాం కూడా అడ్డంగా బలిసి ఉన్నారు.

వారం రోజులు ప్యాపిలి నంబరు కనపడితే ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదో రోజు పెళ్ళికూతురి తల్లి స్వయంగా వచ్చి గది తలుపు దగ్గర నిలబడింది.

"బాషా అంటే నువ్వేనా?"

"నేనేమ్మా," అన్నాను, తిట్లకు సిద్ధమై.

"శానా బాగా చేసినావప్పా. మా పిల్ల పుల్ల మాదిరి ఉందని పెండ్లిలో అందరూ అన్నోళ్ళే. వీడియోలో చూస్తే ఎంత నిండుగా ఉందో! ఇంగో రెండు కాపీలు ఇయ్యి."

ఇచ్చాను. నిజం చెప్పలేదు. ఇన్నేళ్ళకు ఇక్కడ చెప్తున్నాను. గిరాకీ సంతోషపడినంత మాత్రాన పని సరిగ్గా జరిగినట్టు కాదు.

మాత్రలన్నీ మింగిన కంప్యూటర్

కోయిలకుంట్లలో ఒక స్టూడియో ఆయన ఉండేవాడు. మంచి మనిషి, తొందర ఎక్కువ. ఏదో ఒక ఫైలు తెరుచుకోలేదని ఇంటర్నెట్టులో దొరికిన కోడెక్ ప్యాకులు, అంటే వందల కోడెక్‌లు ఒకే మూటలో ఉండేవి, వరసగా నాలుగు ఎక్కించాడు. జ్వరమొచ్చిందని మందుల షాపులో ఉన్న మాత్రలన్నీ మింగితే ఎట్లా ఉంటుందో అట్లా అయింది. ఏ వీడియో వేసినా తలకిందులుగా రావడం మొదలైంది.

నేను పోయి చూసేసరికి ఆయన మానిటర్‌ను తలకిందులుగా నిలబెట్టి, కింద రెండు ఆల్బమ్‌లు ఆనించి, ప్రశాంతంగా పని చేసుకుంటున్నాడు.

"ఏందన్నా ఇది?"

"వారం నుంచి ఇట్లే చేస్తాండా. అలవాటైపోయింది బాషా. మౌసు ఒగటే ఎదురు తిరుగుతాంది."

ఏది లేదో తెలుసుకుని అదొక్కటే తెచ్చుకోవాలి. ఏది లేదో తెలియాలంటే ఫైలు నోరు తెరవాలి. దానికి పనిముట్లు ఉన్నాయి, ఒక్కో కంప్యూటర్లో ఒక్కోటి. మౌసు కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి పోతే పొడవు వెడల్పులు చెప్తుంది, అసలు సంగతి చాలాసార్లు దాచిపెడుతుంది. నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ ఉండే ప్లేయర్ మీకందరికీ తెలుసు. బొమ్మ రాకపోయినా దాని టూల్స్‌లో కోడెక్ సమాచారం అని ఉంటుంది, అక్కడ చూడొచ్చు. వీటన్నిటికంటే మంచిది, ఫైలు పుట్టుపూర్వోత్తరాలు మొత్తం ఒక పేజీలో రాసిచ్చే చిన్న ప్రోగ్రాం. అది ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే రకం కూడా దొరుకుతుంది. ఎవరి కంప్యూటర్ దగ్గరికి పోయినా పాస్‌వర్డ్ కోసం ప్రాధేయపడే పని ఉండదు. పదేళ్ళు అది నా తాళాల గుత్తికి వేలాడింది. నేను ఇంట్లో కూర్చున్నాక మా ఆవిడ ఆ పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి వంటల వీడియోలు ఎక్కించుకుంది. పనిముట్టు పోయిందని నాకు తెలిసింది అది కావాల్సిన రోజునే.

సున్నపు గీత

ఆ రోజు పొద్దున ఆళ్ళగడ్డ నుంచి ఓబులేసు ఫోన్ చేశాడు. నా దగ్గర పని నేర్చుకుని స్టూడియో పెట్టుకున్నవాడు. ఇప్పుడు నలభై దాటినవాడే గానీ నేను చెప్పిన ఏ మాటనూ మర్చిపోలేదు. ముఖ్యంగా ఒక మాట. "ఎక్కడ ఏం జరుగుతున్నా సరే, పెద్దమనిషి మెడలో దండ పడేటప్పుడు కెమెరా అక్కడే ఉండాలి. పెళ్ళికూతురిని వదిలేసినా క్షమిస్తారు, దండను వదిలేస్తే మళ్ళీ పిలవరు."

"బాషన్నా, కొంప మునిగింది. బేగా రా."

"ఏమైందిరా?"

"పందెం వీడియో. సౌండ్ వస్తాంది, బొమ్మ రాల్యా. గజ్జెలు వినపడతాండాయి, ఎద్దులు ల్యా."

ఆళ్ళగడ్డ పక్క ఊరి తిరునాళ్ళలో ఎద్దుల బండలాగుడు పోటీ జరిగింది. ఒక్కో జతకు ఇంత సమయం అని ఇస్తారు, ఆ లోపల బండను ఎవరి ఎద్దులు ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. ముందు కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చిన శివారెడ్డి ఎద్దులు లాగాయి. అవి ఆగిన చోట సున్నంతో గీత కొట్టారు. తర్వాత ఆ ఊరి సుబ్బారెడ్డి ఎద్దులు లాగాయి. చివరి ఈల పడేటప్పటికి బండ గీత దాటిందా లేదా అన్నది తగువు. సుబ్బారెడ్డి దాటిందన్నాడు. ఈల పడినాక దాటిందని శివారెడ్డి అన్నాడు. ఓబులేసు తీసిన వీడియో చూసి తేలుద్దామని కమిటీ వాళ్ళు షీల్డును బీరువాలో పెట్టి తాళమేశారు.

ఇందులో నీకేం కొంప మునిగిందని ఓబులేసును అడగబోతుండగా ఇంకో ఫోన్ వచ్చింది.

"మామా, నేను లక్ష్మిని. సుబ్బారెడ్డి కూతుర్ని. నా పెండ్లి వీడియో నువ్వే చేసినావు."

"గుర్తుందిమ్మా. బాగుండావా?"

"ఏం బాగు? తొమ్మిదో నెల నడుస్తాంది. ఈ వారం దాటితే బండి ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది."

అప్పుడు సంగతి పూర్తిగా తెలిసింది. సుబ్బారెడ్డి కూతురు శివారెడ్డి కోడలు. ఇద్దరూ వియ్యంకులు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, దానికి తండ్రి వచ్చి పిలుచుకుపోవాలి. ఓడిపోయినవాడి మాదిరి ఆ గడప తొక్కనని సుబ్బారెడ్డి ఆళ్ళగడ్డ దగ్గర కూర్చున్నాడు. గీత దాటలేదని ఒప్పుకున్నాకే రమ్మని శివారెడ్డి కోయిలకుంట్ల దగ్గర కూర్చున్నాడు. ఆ పిల్లకు వాళ్ళమ్మ దగ్గరికి పోవాలని ఉంది.

"ఇద్దరూ రెండెద్దుల మాదిరి మొండికేసినారు మామా. నడుమ బండ నేను. లాగేటోళ్ళే ఎవురూ ల్యా. ఆ వీడియో తెరిపియ్యి."

మూడు రోజుల్లో వారం అయిపోతుంది. నేను చొక్కా వేసుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

మూడు కంప్యూటర్లు, ఒక ఫోన్

ఓబులేసు స్టూడియోలో కంప్యూటర్ వాడి కంటే అలిసిపోయి ఉంది. ఫైలు వేస్తే వాడు చెప్పినట్టే గజ్జెల చప్పుడు, జనం కేకలు, మైకులో వ్యాఖ్యానం, తెర మాత్రం నల్లగా. పేరు చూస్తే చివర ఏవీఐ అని ఉంది.

"నీది కొత్త కెమెరా కదా. ఇది ఏవీఐ ఎట్లా ఇచ్చిందిరా?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "అది ఎంపీ4 ఇచ్చిందన్నా. కంప్యూటర్లోకి ఎక్కించి కెమెరా కార్డు తుడిచేసినా. తెరుచుకోల్యా. పేరు మార్చి ఎంవోవీ అని పెట్టినా. ఊహూ. మళ్ళా ఏవీఐ అని పెట్టినా."

"ఎద్దుకు బర్రె తోక కడితే పాలిస్తుందా?"

"కన్వర్టర్‌లో ఏసేద్దునా అన్నా?"

"నోరు తెరవకుండా ముట్టుకున్నావంటే నీ నోరు తెరిపిస్తా."

ప్రాపర్టీస్ చూశాను, సగం గడులు ఖాళీ. కోన్ ప్లేయర్ ఉంది గానీ ఓబులేసు పెళ్ళినాటిది. కోడెక్ పేరున్న చోట తెలియదు అని రాసింది. నిజాయితీ గల మాట, కానీ పనికిరాలేదు. కొత్తది దించుకుందామంటే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్టు లేదు. వైరస్ వస్తుందని వాడే పీకేశాడట. వైరస్ అప్పటికే లోపల కాపురం పెట్టిందని వాడికి చెప్పడానికి మనసు రాలేదు.

రెండో కంప్యూటర్ పక్కవీధి స్టూడియోది. అక్కడ కోన్ ప్లేయర్ కూడా లేదు. ఆయన సాయం చేస్తానన్నాడు గానీ, ముందు పందెంలో ఎవరు గెలిచారో చెప్పమన్నాడు. ఆయన సుబ్బారెడ్డి పక్షం. వచ్చేశాం.

మూడోది బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్‌లో. కౌంటర్‌లో ఉన్న ఆమె కచ్చితంగా చెప్పింది. "ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యొద్దు. పాస్‌వర్డ్ మా అన్నకే తెల్సు. ఆయన బనగానపల్లెకు పోయినాడు."

"ఇన్‌స్టాల్ చేయనమ్మా. పెన్‌డ్రైవ్‌లోనే నడిపించుకుంటా."

తాళాల గుత్తికి ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాను. గుత్తివంకాయ కూర, ఉగ్గాని, రాగి సంగటి వరసగా వచ్చాయి. మా ఆవిడను తలుచుకుని, ఉగ్గానిని మాత్రం ఉంచి మిగతావి తీసేసి, ఆ చిన్న ప్రోగ్రాం అక్కడి ఇంటర్నెట్టు నుంచి మళ్ళీ దించి, ఓబులేసు తెచ్చిన ఫైలును అందులో వేశాను.

ఒక్క క్షణంలో జాతకం మొత్తం వచ్చింది. పెట్టె ఎంపీ4. తోక సరైనది కాదని కూడా రాసింది. ఓబులేసు నేల చూశాడు. బొమ్మ కోడెక్ హెచ్ఈవీసీ, మనవాళ్ళు హెచ్ టూ సిక్స్ ఫైవ్ అంటారు, రంగుల వివరం ఎక్కువ దాచే పది బిట్ల రకం. కొత్త కెమెరా ఎక్కువ బొమ్మను తక్కువ జాగాలో కుక్కే పద్ధతి. ఆళ్ళగడ్డలో మేం చూసిన ముసలి కంప్యూటర్లకు అది అరబ్బీ. ఫైలు నిక్షేపంగా ఉంది. దాన్ని చదవగలిగే కంప్యూటరే లేదు.

లక్ష్మికి ఫోన్ చేసి, "ఫైలు చెడిపోలేదమ్మా, హెచ్ టూ సిక్స్ ఫైవ్ అంట. దాన్ని తెరిచే కొత్త కంప్యూటర్ వెతకాల," అన్నాను.

ఆమె ఫోన్‌లో ఏదో నొక్కి చూసుకుని మళ్ళీ లైన్‌లోకి వచ్చింది.

"మామా, ఆ మాట నా ఫోన్ కెమెరా సెట్టింగులో ఉంది. నా ఫోన్ తీసేదే దాంట్లో."

మూడు కంప్యూటర్లు, ఇద్దరు అనుభవజ్ఞులు, ఒక పూట. ఫోన్‌లో చూద్దామని మాకు తట్టలేదు. ఆమెకు చూపించాలని ఎవరికీ తట్టలేదు. ఎద్దుల వీడియో ఆడవాళ్ళకెందుకని అనుకున్నట్టున్నారు. తోకను మళ్ళీ ఎంపీ4గా మార్చి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాన్ని ఫోన్‌కు తగిలించే పిన్ను ఒకటి కొనుక్కుని, ఓబులేసు మోటార్‌సైకిల్ వెనక కూర్చుని కోయిలకుంట్ల దారి పట్టాను.

దండ పడేటప్పుడు

శివారెడ్డి వరండాలో కుర్చీ వేసుకుని మా కోసమే చూస్తున్నాడు. "ఏం బాషా, తెరుచుకున్యా? నేను చెప్పినట్లే ఉంటాది చూడు. ఈల ముందు, గీత తర్వాత."

లక్ష్మి నెమ్మదిగా వచ్చి గోడకానుకుని కూర్చుంది. ఫోన్‌కు పెన్‌డ్రైవ్ తగిలించి నొక్కింది. బొమ్మ వచ్చింది. ఎంత శుభ్రమైన బొమ్మ! ఎద్దుల ముట్టెల మీద చెమట కూడా కనపడుతోంది. శివారెడ్డి ముందుకు వంగాడు. నేనూ వంగాను. ఓబులేసు మాత్రం వెనక్కి జరిగాడు, అదెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

సుబ్బారెడ్డి ఎద్దులు వస్తున్నాయి. బండ కదులుతోంది. గీత కనపడుతోంది. ఇంకో మూర ఉంది. జనం కేకలు. అప్పుడు కెమెరా గిర్రున తిరిగింది.

తెర మీద స్టేజీ. ఎవరో పెద్దమనిషి అప్పుడే వచ్చి నిలబడ్డాడు. మెడలో దండ పడుతోంది. శాలువా కప్పుతున్నారు. ఆ వెనక ఎక్కడో ఈల వినిపించింది. దండ పూర్తిగా పడి, ఆయన నమస్కారం పెట్టినాక కెమెరా తీరిగ్గా వెనక్కి వచ్చింది. బండ గీతకు అవతల ఆగి ఉంది.

నేను ఓబులేసు వైపు చూశాను.

"నువ్వే గదన్నా చెప్పినావు," అన్నాడు వాడు. "దండను వదిలేస్తే మళ్ళా పిలవరని."

చివర చెప్తానన్న తప్పు ఇదే. ముప్పై ఏళ్ళు దండల వైపు కెమెరాలు తిప్పించింది నేనే. అప్పటిదాకా ఎవరికీ నష్టం కనపడలేదు. ఇప్పుడు నష్టం గోడకానుకుని కూర్చుని ఉంది, కాళ్ళు వాచి. నాకు నిజంగా సిగ్గేసింది.

"మామా," అంది లక్ష్మి, నన్ను కాదు, శివారెడ్డిని. "మళ్ళా ఒగసారి చూడు."

వెనక్కి జరిపి, కెమెరా తిరిగే చోట ఆపుతూ ఆపుతూ నడిపింది. గీత నుంచి స్టేజీకి పోయే దారిలో కెమెరా, బరి చుట్టూ కట్టిన తాడు పక్కనున్న జనం మీదుగా పోయింది. అందరికంటే ముందు, తాడు దాటి, ఒక మనిషి సుబ్బారెడ్డి ఎద్దుల పక్కన పరిగెత్తుతున్నాడు. తలపాగా ఊడిపోయింది. తువ్వాలు గాల్లో తిప్పుతున్నాడు. శివారెడ్డి.

సౌండ్ పెంచింది. "లాగు నాయనా, లాగు! ఇంగ ఒగ మూరే! లాగు నా కొడకా!"

"ఆ ఎడమపక్క ఎద్దు మా ఇంట్లో పుట్టిందే బాషా," అన్నాడు శివారెడ్డి, ఎవరూ అడగకుండానే. "నిశ్చితార్థం అప్పుడు దూడగా ఉండె. మా వియ్యంకునికి నేనే ఇచ్చినా. పాలసీసా పట్టి సాకినా దాన్ని."

"అయితే గెలవాలని ఉరికినావా మామా?"

"ఉరికినా. ఈల పడినంక ఎవురో వచ్చి నువ్వు ఓడిపోయినావు రెడ్డీ అనిరి. అప్పుడు కోపం వచ్చె."

ఫోన్ తన చేతిలోకి తీసుకుని ఆ ముక్కను మూడుసార్లు చూశాడు. తర్వాత నన్నడిగాడు. "ఇది ఏం ఫైలంటివి?"

"హెచ్ టూ సిక్స్ ఫైవ్ రెడ్డీ. కావాలంటే అన్ని టీవీల్లో వచ్చేట్టు మార్చిస్తా."

"ఏమీ మార్చొద్దు. ఉండేది ఉన్నట్లే పెట్టు." లేచి తలపాగా చుట్టుకున్నాడు. "లక్ష్మీ, గుడ్డలు సర్దుకో. వాళ్ళు వచ్చి పిల్చుకపోయేదేంది, నేనే దింపొస్తా. నా దూడను కూడా చూసినట్లయితాది."

వాళ్ళ కారులో నెమ్మదిగా పోయి మేమందరం సుబ్బారెడ్డి ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. శివారెడ్డి ఇంట్లోకి పోకుండా నేరుగా పశువుల కొట్టం వైపు నడిచాడు. సుబ్బారెడ్డి బయటికొచ్చి, కూతురిని చూసి, వియ్యంకుణ్ణి చూసి, ఏం చేయాలో తోచక తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. లక్ష్మి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వీడియోలో ఏం తేలిందప్పా?" అన్నాడు సుబ్బారెడ్డి చివరికి.

"ఏమీ తేలల్యా," అన్నాడు శివారెడ్డి ఎద్దు గంగడోలు నిమురుతూ. "ఆ ఓబులేసు దండలు తీసినాడు."

లక్ష్మి, తల్లి చెయ్యి వదలకుండానే అరుగు మీద కూర్చుని, ఫోన్ తీసి, పక్కన జాగా చూపించింది.

"నాయనా, ఇట్ల వచ్చి కూర్చో. నీకొకటి చూపిస్తా."